లోకల్ రైల్లో తీరిగ్గా ఒకరోజు నగరానికి

నగరానికి గంట దూరంలో ఉండేవాళ్ళు నగరానికి వెళ్తూనే ఉంటారు. ఆసుపత్రి పనో, ఆఫీసు పనో, ఏదో కాగితం మీద సంతకమో. పని కాగానే దొరికిన రైలెక్కి వచ్చేస్తారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే తిరిగాను. ఏ పనీ పెట్టుకోకుండా, ఊరికే తిరిగి రావడానికని లోకల్ రైలెక్కిన మొదటి రోజు నాకింకా గుర్తుంది. అదే దారి, అవే స్టేషన్లు, అయినా కిటికీలోంచి బయటికి చూసింది ఆ రోజే. అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి వెళ్తూనే ఉన్నాను. దీనికి పెద్ద ప్లాను అక్కర్లేదు. కొన్ని విషయాలు మాత్రం ముందే తేల్చుకోవాలి. అవి తేలిపోతే మిగతా రోజంతా గడియారంతో పనుండదు.

ముందు తిరుగు రైలు చూసుకోండి

టైంటేబుల్ తెరవగానే అందరూ పొద్దున రైలెన్నింటికో చూస్తారు. మీరు కింది నుంచి మొదలుపెట్టండి. రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికి? దానికి ముందుది ఎన్నింటికి? ఆ ముందుదే మీకు ఆఖరిది అనుకోండి. అసలు ఆఖరి రైలు గండం గట్టెక్కడానికి ఉంచుకోవాలి.

ఇది నాకు దెబ్బ తిని తెలిసింది. ఒక ఆదివారం ఆఖరి రైలుని నమ్ముకుని స్టేషన్‌కి వస్తే, పట్టాల పని ఉందని ఆ రైలు రద్దయింది. బోర్డు మీద నోటీసు ఉంది, పొద్దున నేను చూసుకోలేదు. ఇద్దరు ముగ్గురం కలిసి బండి మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. అంతకు ముందు గడిచిన రోజంతా ఎంత బాగుందో, ఆ రెండు గంటల టెన్షన్‌లో ఒక్కటీ గుర్తు లేకుండా పోయింది.

పట్టాలు మార్చడం, కరెంటు తీగలు బిగించడం లాంటి పనులు రైళ్ళు తక్కువగా తిరిగే వేళల్లోనే పెట్టుకుంటారు. అంటే రాత్రుళ్ళు, సెలవు రోజులు. మనం షికారుకి వెళ్ళేదీ సరిగ్గా అప్పుడే. అందుకే సెలవు రోజున వెళ్తుంటే రెండు విషయాలు చూడాలి: ఆ రోజుకి వేరే టైంటేబుల్ ఉందా, పనుల వల్ల ఏ రైలైనా రద్దు చేశారా. ముందు రోజు రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూస్తే చాలు.

కొన్ని లైన్లలో రైళ్ళు ప్రతి గంటా ఒకే నిమిషానికి బయలుదేరతాయి. ఉదాహరణకి 9:12, 10:12, 11:12. నెదర్లాండ్స్ 1970లో, స్విట్జర్లాండ్ 1982లో దేశమంతటా ఈ పద్ధతి పెట్టాయి. మీ లైను కూడా ఇలాంటిదైతే ఒక్క అంకె గుర్తుంటే చాలు, టైంటేబుల్ జేబులోంచి తీయక్కర్లేదు. అలా కాకపోతే సాయంత్రం నుంచి రాత్రి వరకు ఉన్న నాలుగైదు రైళ్ళ టైములు ఒక చీటీ మీద రాసుకోండి. ఫోన్లో ఉంటాయి కదా అనుకోవచ్చు. ఫోన్ సాయంత్రానికి ఏ స్థితిలో ఉంటుందో మీకూ తెలుసు.

ఏ రోజు, ఏ వేళ

లోకల్ రైలు ఉద్యోగాల వేళలని బట్టి నిండుతుంది, ఖాళీ అవుతుంది. పని రోజుల్లో పొద్దున 7 నుంచి 9:30 దాకా నగరం వైపు, సాయంత్రం 5 నుంచి 7:30 దాకా నగరం నుంచి బయటికి కిక్కిరిసి ఉంటాయి. ఊరిని బట్టి అరగంట అటూ ఇటూ కావచ్చు. ఆ రద్దీ తగ్గాక వచ్చే రైలు, అంటే పొద్దున 10 ప్రాంతంలోది, మీది. తిరిగి రావడం నాలుగు లోపైనా ఉండాలి, లేదా ఎనిమిది దాటాకైనా. మధ్యలో మాత్రం వద్దు. రోజంతా నడిచిన కాళ్ళతో గంటసేపు నిలబడి రావాల్సొస్తే ఆ రోజు రుచే పోతుంది.

నన్నడిగితే శనాదివారాల కంటే పని రోజు మంచిది. సెలవు పెట్టుకుని మంగళవారమో బుధవారమో వెళ్ళి చూడండి. రైల్లో సీటు, మ్యూజియంలో నిశ్శబ్దం, పార్కులో బెంచీ అన్నీ దొరుకుతాయి. సోమవారం వద్దనడానికి కారణముంది. ప్రపంచంలో చాలా మ్యూజియాలకి వారానికో సెలవు ఉంటుంది, అది ఎక్కువ చోట్ల సోమవారమే. మీరు చూడాలనుకున్నది ఏ రోజు మూస్తారో ఒకసారి కనుక్కోండి. మూసే టైముతో పాటు లోపలికి ఆఖరిసారి ఎప్పటిదాకా పంపిస్తారో కూడా చూడాలి. చాలాచోట్ల మూయడానికి అరగంటో గంటో ముందే గేటు ఆపేస్తారు.

పెద్ద మ్యాచ్ గానీ సభ గానీ ఉన్న రోజు తప్పించండి. అలాంటి రోజు రైళ్ళు ఏ వేళ నిండుతాయో ఎవరూ చెప్పలేరు.

టికెట్

అమెరికాలో 1840ల్లో రోజూ తిరిగేవాళ్ళకి రైలు కంపెనీలు ఛార్జీ తగ్గించి కమ్యుటేషన్ టికెట్ అని ఇచ్చేవి. కమ్యూటర్ అన్న మాట దాన్నుంచే వచ్చింది. మొత్తం ఏర్పాటే రోజూ తిరిగేవాళ్ళ కోసం చేసిందన్నమాట. అందుకే ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాళ్ళు కౌంటర్లో నోరు తెరిచి అడగాలి: రానూపోనూ టికెట్ ఉందా, ఒకరోజు పాస్ ఉందా, రద్దీ లేని వేళల్లో తగ్గింపు ఉందా.

ఒకరోజు పాస్ ఎప్పుడు లాభమో లెక్క వేసుకోవడం తేలిక. నగరంలో దిగాక బస్సో మెట్రోనో ఎన్నిసార్లు ఎక్కుతారో చూడండి. పాస్ దానికీ పనికొస్తే, రెండు మూడుసార్లు ఎక్కేలా ఉంటే సాధారణంగా పాస్ గిట్టుతుంది. ఉత్తగా వెళ్ళి నడిచి తిరిగొచ్చేవాళ్ళకి రానూపోనూ టికెట్ చాలు. ఇంకో మాట. పాస్ 24 గంటలదా, లేక ఆ తేదీ అర్ధరాత్రి వరకేనా అన్నది అడగండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

కార్డు తాకించే పద్ధతి ఉన్నచోట ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ తాకించాలి. కాగితం టికెట్‌ని మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోవాల్సిన ఊళ్ళూ ఉన్నాయి. డబ్బు కట్టినా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. టికెట్‌ని బయటి గేటు దాటేదాకా పారేయకండి. చొక్కా జేబు లాంటి ఒకే చోట పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఒకటి గట్టిగా, మిగతావి వదులుగా

ఇక నగరంలో ఏం చేయాలన్నది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వెళ్తున్నాం కదా అని ఏడెనిమిది చోట్లు రాసుకుంటారు. మూడోదానికే కాళ్ళు పడిపోతాయి, మిగతావి చూడలేదన్న బాధతో తిరిగొస్తారు.

నేను ఒకే ఒక్కటి రాసుకుంటాను. ఏదైనా సరే, ఒక మ్యూజియం, ఒక పాత వీధి, ఒక నది గట్టు, పుస్తకాల షాపు. ఆ ఒక్కదానికే వెళ్తున్నానని అనుకుంటాను. దాని చుట్టుపక్కల నడిచి వెళ్ళగలిగినవి ఇంకో రెండు చూసి పెట్టుకుంటాను. అవి కుదిరితే సరే, లేకపోతే ఇంకోసారి. లోకల్ రైలున్న ఊరికి ఇంకోసారి రావడం కష్టమేమీ కాదు.

దూరం లెక్క ఇలా వేసుకోండి. తీరిగ్గా నడిస్తే కిలోమీటరుకి పావుగంట. ఆగి చూస్తూ నడిస్తే ఇరవై నిమిషాలు. రోజు మొత్తం మీద ఆరేడు కిలోమీటర్లు చాలామంది హాయిగా నడవగలరు. చిన్నపిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే దాన్ని సగం చేయండి, గంటకోసారి కూర్చోడానికి చోటు చూసుకోండి.

సంచిలోకి పెద్దగా ఏమీ వద్దు. నీళ్ళ సీసా, చిన్న గొడుగు, పవర్ బ్యాంకు, కాస్త చిల్లర. రైలు రద్దయి ఇంకో దారి పట్టాల్సొస్తే చేతిలో ఉండేలా కొంత డబ్బు వేరుగా పెట్టండి. కొత్త చెప్పులు మాత్రం ఆ రోజు వేసుకోకండి.

ఎక్కే ముందు

స్టేషన్‌కి పావుగంట ముందు వెళ్ళండి. అన్ని స్టేషన్లలో ఆగేదా, కొన్నిట్లోనే ఆగేదా అన్నది బోర్డు మీద చూసి ఎక్కండి. ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు రకాలూ వస్తాయి, పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తీరిగ్గా వెళ్ళేవాళ్ళకి అన్నిచోట్లా ఆగేదే మేలని నా అభిప్రాయం. పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ అందులో జనం తక్కువ, దారిలో ఊళ్ళన్నీ కనబడతాయి.

ఏ పెట్టె ఎక్కాలన్నదానికి ఒక కిటుకుంది. నగరంలో పట్టాలు ఆగిపోయే స్టేషన్, అంటే టెర్మినస్ అయితే, రైలు ముందు భాగం గేటుకి దగ్గరగా ఆగుతుంది. రోజూ వెళ్ళేవాళ్ళకి ఆ సంగతి తెలుసు కాబట్టి ముందు పెట్టెలే నిండుతాయి. మీరు చివరికి నడవండి. ఆఖరి రెండు పెట్టెల్లో కిటికీ సీటు దొరికే అవకాశం ఎక్కువ. దిగాక రెండు వందల మీటర్లు నడవాలి, నడవడానికే కదా వచ్చింది.

ఎండ పడని వైపు ఏదో కూడా ముందే తెలుసుకోవచ్చు. మీ లైను ఉత్తర దక్షిణాలుగా ఉందనుకోండి. పొద్దున ఉత్తరానికి వెళ్తుంటే తూర్పు కుడివైపుంటుంది, ఎండ కుడి కిటికీ మీద పడుతుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తుంటే పడమర కూడా కుడివైపే. కాబట్టి రెండుసార్లూ ఎడమ పక్కన కూర్చోవాలి. పొద్దున దక్షిణానికి వెళ్ళే లైనైతే రెండుసార్లూ కుడిపక్కన. తూర్పు పడమరలుగా పోయే లైన్లో అంత సూటిగా ఉండదు. ఉత్తరార్ధగోళంలో ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు కాస్త దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, తూర్పుకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు, పడమరకి వెళ్ళేటప్పుడు కుడివైపు నీడ.

కిటికీ పక్కన

కూర్చున్నాక ఫోన్ సంచిలో పెట్టేయండి. ఈ గంటని దాటాల్సిన దూరంగా చూడకండి, రోజులో ఇది మొదటి భాగం.

రోడ్డు మీద వెళ్తే ఇళ్ళ ముఖాలు కనబడతాయి. రైలు ఇళ్ళ వెనకనుంచి పోతుంది. ముందువైపు రంగులేసి, గేటు పెట్టి ఎంత తీర్చిదిద్దినా వెనకవైపు అలా ఉండదు. ఆరేసిన బట్టలు, విరిగిన సైకిలు, డబ్బాల్లో పెంచుతున్న మొక్కలు, మెట్ల మీద కూర్చుని తల దువ్వుకుంటున్న ఒకావిడ. మా లైన్లో ఒక మేడ మీద ఒక ముసలాయన నీలం తొట్టిలో మొక్కకి చెంబుతో నీళ్ళు పోస్తూ కనిపించేవాడు. రైలు దాటేది మూడు నాలుగు సెకన్లే. ఆ మొక్క మొదట జానెడుండేది, రెండేళ్ళకి పిట్టగోడ దాటింది. అక్కడికి రాగానే ఇప్పటికీ నా తల దానంతటదే అటు తిరుగుతుంది.

చెవి పెడితే ఇంకో సంగతి వినబడుతుంది. పాత రైళ్ళ టకటక శబ్దం పట్టాల మధ్య అతుకుల దగ్గర వచ్చేది. ఇప్పుడు పట్టాలని పొడుగ్గా వెల్డింగ్ చేసేస్తున్నారు, అందుకే చాలా దూరం ఆ శబ్దం ఉండదు. నగరం దగ్గర పడి, ఒక లైను రెండై, రెండు నాలుగై, పట్టాలు ఒకదాన్నొకటి దాటుకునే చోట మళ్ళీ మొదలవుతుంది. రైలు నెమ్మదిస్తుంది, పెట్టె అటూ ఇటూ ఊగుతుంది, చక్రాల కింద టకటకమని శబ్దం. కళ్ళు మూసుకున్నా స్టేషన్ వచ్చిందని తెలిసిపోతుంది.

దిగాక పది నిమిషాలు

తలుపు తెరుచుకోగానే దిగొద్దు. టెర్మినస్ అయితే రైలు ఎలాగూ కాసేపు ఆగుతుంది. అందరినీ పోనిచ్చి, ఆఖరున దిగండి. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక స్టేషన్ వేరేలా కనబడుతుంది.

పెద్ద స్టేషన్ని చూడటానికి పది నిమిషాలు ఇవ్వండి. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ 1913లో తెరిచారు, అందులో ప్లాట్‌ఫారాలు 44. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ కట్టడం 1878లో మొదలుపెడితే పదేళ్ళు పట్టింది, 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. పారిస్‌లో 1900లో కట్టిన ఓర్సే స్టేషన్ 1986 నుంచి మ్యూజియంగా ఉంది. రోజూ వేలమంది పరిగెత్తే ఈ హాళ్ళలో తలెత్తి పైకప్పు చూసేవాళ్ళు తక్కువ. మీ నగరంలో స్టేషన్ ఇంత పేరున్నది కాకపోవచ్చు, అయినా తలెత్తి చూడండి. కట్టిన ఏడాది చెక్కిన రాయో, పాత గడియారమో ఎక్కడో ఉంటుంది.

బయటికి వెళ్ళే ముందు మూడు పనులు. మీరు వెళ్ళే గేటు నంబరు ఫోటో తీసుకోండి; పెద్ద స్టేషన్‌కి నాలుగు వైపులా గేట్లుంటాయి, సాయంత్రం వేరే గేటు నుంచి వస్తే ప్లాట్‌ఫారం వెతకడానికే పది నిమిషాలు పోతుంది. మీ లైను రైళ్ళు మామూలుగా ఏ ప్లాట్‌ఫారం నుంచి పోతాయో చూసుకోండి. బాత్రూం ఎక్కడుందో తెలుసుకోండి, వీలైతే అప్పుడే వెళ్ళొచ్చేయండి. నగరం మధ్యలో ఇది వెతకడం ఎంత కష్టమో అవసరం పడ్డాకే తెలుస్తుంది.

నగరంలో

మెట్రో మ్యాపుని దూరాలకి నమ్మకండి. లండన్ అండర్‌గ్రౌండ్ మ్యాపుని 1933లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన పద్ధతిలో వేశారు. గీతలన్నీ నిలువుగానో అడ్డంగానో ఏటవాలుగానో ఉంటాయి, స్టేషన్ల మధ్య ఎడం ఇంచుమించు సమానంగా ఉంటుంది. చదవడానికి అంత తేలికైనది ఇంకోటి లేదు కాబట్టి ప్రపంచంలో చాలా నగరాలు అదే దారి పట్టాయి. కానీ అందులో నిజమైన దూరం కనబడదు. లండన్‌లోనే లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య 260 మీటర్లే. మెట్లు దిగి, రైలు కోసం ఆగి, మళ్ళీ పైకొచ్చేలోపు నడిచి వెళ్ళిపోవచ్చు. అందుకే ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే ముందు మామూలు మ్యాపులో చూడండి. వెళ్ళాల్సినచోటికి ఒక స్టేషన్ ముందే దిగి నడవడం కూడా నాకిష్టం. ఊరు ఊరుగా కనబడేది ఆ నడకలోనే.

అనుకున్న ఆ ఒక్కచోటికి ముందుగా వెళ్ళిపోండి, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే. మ్యూజియం అయితే గంటన్నర, మహా అయితే రెండు గంటలు. తర్వాత కళ్ళు చూస్తాయి గానీ బుర్రకి ఎక్కదు. మధ్యాహ్న భోజనం ఆఫీసు జనం కంటే ముందు, అంటే 12 లోపు గానీ, వాళ్ళు వెళ్ళిపోయాక రెండు దాటి గానీ పెట్టుకుంటే కూర్చునే చోటు తేలిగ్గా దొరుకుతుంది.

తిన్నాక ఒక గంట ఏ పనీ పెట్టుకోకండి. ఈ గంటే రోజుకి ప్రాణం. నీడ ఉన్న పార్కు బెంచీ, లైబ్రరీ, నీళ్ళ ఒడ్డు ఏదైనా సరే, కూర్చోండి. వచ్చేపోయేవాళ్ళని చూడండి. మొదటి పది నిమిషాలు టైము వృథా అవుతున్నట్టే ఉంటుంది. ఓపిక పట్టండి, తర్వాత ఆ ఊరి చప్పుళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడటం మొదలవుతుంది. అక్కడినుంచి లేచాక ఏ వీధి బాగుందనిపిస్తే ఆ వీధిలోకి తిరగండి. తిరుగు రైలు ఎలాగూ చీటీలో ఉంది.

తిరుగు దారి

స్టేషన్‌కి అరగంట ముందు చేరేలా బయలుదేరండి. రద్దీ వేళలో ఇరుక్కుపోతే ఆ రైలు వదిలేసి, స్టేషన్ దగ్గరే కాసేపు కూర్చుని తర్వాతది ఎక్కండి. మధ్య స్టేషన్లో ఉంటే, టికెట్ ఒప్పుకునేచోట, రైలు బయలుదేరే టెర్మినస్‌కి వెళ్ళి ఎక్కితే సీటు దొరుకుతుంది. గ్రాండ్ సెంట్రల్లో బోర్డు మీద రాసిన టైము కంటే ఒక నిమిషం ఆలస్యంగా రైలు కదులుతుంది, జనం పరిగెత్తి పడిపోకుండా. మిగతాచోట్ల అలాంటి దయ ఉంటుందనుకోకండి. కదలబోతున్న రైలు కోసం పరిగెత్తే పని మాత్రం ఎప్పుడూ వద్దు, ఇంకో రైలు వస్తుంది.

చీకటి పడ్డాక కిటికీలో మన ముఖమే కనబడుతుంది, స్టేషన్ పేర్లు కనబడవు. మీ స్టేషన్‌కి ముందు వచ్చే రెండు స్టేషన్ల పేర్లు గుర్తుపెట్టుకోండి. కునుకు పట్టేలా ఉంటే దిగడానికి ఐదు నిమిషాల ముందుకి అలారం పెట్టుకుని, సంచి పట్టీ చేతికి చుట్టుకోండి. రైలు ఆగిపోయి ఎంతకీ కదలకపోతే పెట్టెలోనే ఉండండి, ఎవరో దిగారని పట్టాల మీదికి దిగొద్దు. పక్క లైన్లో వచ్చే బండి చప్పుడు చాలాసార్లు దగ్గరికొచ్చేదాకా తెలియదు.

మీ స్టేషన్లో దిగాక, అలసటలో ఎక్కువమంది మర్చిపోయేది కార్డు తాకించడం. గేట్లు లేని చిన్న స్టేషన్లలో మెషీన్ ఏదో మూల స్తంభానికి ఉంటుంది. తాకించకపోతే లైను చివరిదాకా వెళ్ళినట్టు లెక్కగట్టి డబ్బు కోసుకునే ఊళ్ళున్నాయి. పొద్దున ఎక్కేటప్పుడే అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.